కాలిన కుండ మళ్లీ మట్టి కాదు

2010 డిసెంబరులో లండన్‌లో ఒక వింత వేలం జరిగింది. అమ్మకానికి పెట్టింది పగిలిన పింగాణీ. పువ్వులు చిత్రించిన పళ్లేల ముక్కలు, విరిగిన బొమ్మలు, మంటల్లో కమిలిన గిన్నెలు. మన ఇళ్లలో అయితే చీపురుతో ఊడ్చి, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా దూరంగా పారబోసే సరుకు. పగిలిన పింగాణీ ఇంట్లో ఉండకూడదని మనలో ఒక నమ్మకం కూడా ఉంది. బాప్తిస్మం పొంది పాతికేళ్లయిన విశ్వాసులు సైతం ఆ ఒక్క మాట దగ్గర తాతల నాటి పట్టింపునే పట్టుకుని ఉంటారు! అలాంటి పెంకుల కోసం అక్కడికి జనం వచ్చారు, డబ్బు పెట్టి కొనుక్కున్నారు. వాటిలో కొన్ని పళ్లేలు ఎడ్మండ్ డి వాల్ అనే ఆంగ్లేయ శిల్పి చేతికి చేరాయి. ఆయన వృత్తిరీత్యా కుమ్మరి. ఆ పళ్లేలను కొత్తవాటిలా కనిపించేటట్టు బాగు చేయించడం ఆయనకు కష్టం కాదు. కాని అలా చేయించలేదు. పగులు ఎక్కడెక్కడ ఉందో అక్కడంతా బంగారం పూయించి అతికించాడు. తెల్లని పళ్లెం మీద పువ్వులను అడ్డంగా కోసుకుంటూ పోయే ఆ బంగారు గీతలే ఇప్పుడు చూసేవారికి మొదట కనిపిస్తాయి.

ఆ పళ్లేలు ఎలా పగిలాయో తెలిస్తే గాని ఆ బంగారానికి అర్థం తెలియదు. అవి జర్మనీలోని మైసెన్ అనే ఊళ్లో తయారయ్యాయి. యూరప్‌లో మొట్టమొదట అసలైన పింగాణీ తయారైంది ఆ ప్రాంతంలోనే. దాని వెనుక చిత్రమైన కథ ఒకటుంది. బోట్గర్ అనే యువకుడు మామూలు లోహాన్ని బంగారం చేస్తానని గొప్పలు పోయాడు. అది విన్న శాక్సనీ రాజు అగస్టస్ అతణ్ణి పట్టి బంధించి, చెప్పినట్టు చేసి చూపించమన్నాడు. బంగారం రాలేదు. తోటి శాస్త్రవేత్తతో కలిసి ఏళ్ల తరబడి కొలిమి దగ్గర మగ్గిన ఆ ఖైదీ చివరికి 1708లో పింగాణీ రహస్యం కనుక్కున్నాడు. 1710లో మైసెన్ కోటలో కార్ఖానా మొదలైంది. బంగారం కోసం వెతికితే మట్టి దొరికింది. మూడు వందల ఏళ్ల తర్వాత అదే మట్టిని అతకడానికి బంగారం వచ్చింది.

మైసెన్‌కు దగ్గరలోని డ్రెస్డెన్ నగరంలో గుస్తావ్ వాన్ క్లెంపెరర్ అనే యూదు బ్యాంకర్ ఉండేవాడు. ఆ పాత పింగాణీ అంటే ఆయనకు ప్రాణం. ఎనిమిది వందలకు పైగా వస్తువులు సేకరించాడు. 1926లో ఆయన మరణించాడు. 1938లో నాజీల చేతుల్లోంచి ప్రాణాలు దక్కించుకోవడానికి ఆయన కుటుంబం దేశం విడిచిపోయింది. ఆస్తితో పాటు పింగాణీ అంతా నాజీలు స్వాధీనం చేసుకున్నారు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు డ్రెస్డెన్ మీద బాంబులు కురిపించినప్పుడు, భద్రత కోసం తరలిస్తున్న ఆ పింగాణీ లారీలో కోట ఆవరణలోనే ఉండిపోయింది. ఆ రాత్రి, మర్నాడు జరిగిన దాడుల్లో ఇరవై ఐదు వేల మంది దాకా చనిపోయారు. మనుషులే బూడిదైన చోట పళ్లేలను తలుచుకునేదెవరు? అయినా తర్వాత శిథిలాలు తవ్వినప్పుడు ఎవరో ఆ పెంకులను ఏరారు, మ్యూజియంలో భద్రపరిచారు. 1991లో మిగిలిన సేకరణను ఆ కుటుంబానికి తిరిగి ఇచ్చారు. తమను తరిమేసిన నగరం మ్యూజియానికే వారు వాటిలో చాలావాటిని కానుకగా ఇచ్చేశారు. ఆ తర్వాత కుటుంబానికి చేరిన మరికొన్ని పెంకులే 2010లో లండన్ వేలానికి వచ్చాయి.

ఆ పెంకుల మీద డి వాల్‌కు అంత మమకారం ఎందుకంటే, అలాంటి కథే ఆయన ఇంట్లోనూ ఉంది. ఆయన 1964లో ఇంగ్లాండ్‌లో ఒక పాస్టరు ఇంట పుట్టాడు. తండ్రి విక్టర్ డి వాల్ పదేళ్లపాటు, 1976 నుండి 1986 వరకు, సుప్రసిద్ధ కాంటర్‌బరీ కెథీడ్రల్‌కు డీన్‌గా ఉన్నాడు. తల్లి ఎస్తేర్ డి వాల్ ప్రార్థనా జీవితం మీద రాసిన పుస్తకాలను ఇప్పటికీ చాలామంది చదువుతున్నారు. అయిదేళ్ల పిల్లవాడు కుండలు చేయడం నేర్చుకుంటానని మారాం చేస్తే తండ్రి సాయంత్రం తరగతికి తీసుకెళ్లాడట. అక్కడ మట్టిలో పెట్టిన చేయి మళ్లీ బయటికి తీయలేదు. ఇదంతా ఒక ఆంగ్లికన్ కుటుంబం కథలాగే ఉంటుంది. కాని నాయనమ్మ ఎలిజబెత్ వియన్నాలోని ఎఫ్రుస్సీ అనే గొప్ప యూదు కుటుంబపు ఆడపడుచు. 1938లో నాజీలు ఆ నగరంలో ప్రవేశించినప్పుడు ఆ ఇల్లు, బ్యాంకు, చిత్రాలు, పుస్తకాలు సమస్తం పోయాయి.

ఒక్కటి మాత్రం పోలేదు. ఆ ఇంట్లో జపాను వాళ్లు దంతంతోనూ చెక్కతోనూ చెక్కిన బొటనవేలంత బొమ్మలు ఉండేవి. నాజీల కోసం ఇంట్లో సామాను మూటలు కట్టే పనిలో ఉన్న అన్నా అనే పనిమనిషి, రోజుకు కొన్నేసి చొప్పున వాటిని తన ఏప్రాన్ జేబులో వేసుకుని తీసుకెళ్లి తన పరుపులో దాచింది. యుద్ధం ముగిశాక ఎలిజబెత్ వెతుక్కుంటూ వియన్నా వెళితే, అన్నా ఆమె చేతిలో లెక్క ప్రకారం 264 బొమ్మలు పెట్టింది. ఒక్కటీ తగ్గలేదు. ఆ కథను మనవడు 2010లో పుస్తకంగా రాశాడు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆ ఇంట్లోవారు అన్నాను ఆ ఒక్క పేరుతోనే ఎరుగుదురు, ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. లోకం మరిచిపోయిన ఆ దాసి తన యజమానుల జ్ఞాపకాన్ని పరుపులో పెట్టుకుని పడుకుంది. రాహాబు మిద్దె మీద జనపకట్టె మధ్య వేగులవారిని దాచిన సంగతి (యెహోషువ 2:6) చదివినప్పుడల్లా నాకిప్పుడు అన్నాయే గుర్తొస్తుంది.

డి వాల్ చేసే పింగాణీ పాత్రలు చూడటానికి చాలా సాదా. చేతిలో ఇమిడేంత సన్నని, తెల్లని గిన్నెలు, గొట్టాలు. ఏదీ అచ్చు గుద్దినట్టు ఉండదు, ఒకటి కొంచెం ఒరిగి ఉంటుంది, ఒకదాని అంచు వంకర. వాటిని ఒంటరిగా కాక వందల కొద్దీ ఒక వరుసలో పేర్చి ఒకే శిల్పంగా చూపిస్తాడు. 2009లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గోపురం లోపల, ఎర్రని చట్రం మీద గుండ్రంగా 425 పాత్రలు అమర్చాడు. మెడ పైకెత్తి చూస్తే గాని కనిపించవు, ఎవరి చేయీ అందదు. చిన్ననాటి నుండి ఆ మ్యూజియంలో చూసిన పాత్రలను జ్ఞాపకం చేసుకుంటూ చేసినవి అవి. ఆ శిల్పానికి ఆయన పెట్టిన పేరు బైబిలు చదివేవారికి పరిచితమే. సూచనలు, అద్భుతాలు అని.

సరే, బంగారంతో అతకడం సంగతి. అది జపానువారి పాత విద్య. దాన్ని కింత్సుగి అంటారు. ఒక జాతి చెట్టుకు గాటు పెడితే కారే పాలను జిగురుగా వాడతారు. చేతికి తగిలితే దద్దుర్లు పొంగే జిగురు అది. దానిలో పిండి కలిపి పెంకులను ఒకదానికొకటి అతికించి, తేమగా ఉండే పెట్టెలో పెడతారు. ఎండలో పెడితే అది ఆరదు! తేమ ఉంటేనే గట్టిపడుతుంది. ఒక పూత ఆరాక మరో పూత, మధ్యలో నూరడం, మళ్లీ పూత. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అన్నీ అయ్యాక చివర బంగారు పొడి చల్లుతారు. మన పాత ఇత్తడి బిందెకు మాటు వేసినప్పుడు మాటు కనిపించినట్టే ఇక్కడా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, మాటు వేసిన వైపు మనం గోడకు తిప్పి పెడతాం, వాళ్లు చూసేవారి వైపు పెడతారు.

ఇప్పుడు కుమ్మరి ఇంటికి వెళదాం. మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉపదేశకులకు ఎంతో ఇష్టమైన అధ్యాయం యిర్మీయా 18. ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళతాడు. సారె మీద కుండ చెడిపోతుంది. కుమ్మరి ఆ మట్టినే తీసుకుని తన కిష్టమైన వేరొక కుండగా చేస్తాడు (యిర్మీయా 18:3,4). ఆదరణ కూడికల్లో, ఉజ్జీవ కూటాల్లో, గృహ ప్రార్థనల్లో ఎన్నిసార్లు విని ఉంటామో లెక్కలేదు. నేనే ఎన్నిసార్లు చెప్పానో! చెడిపోయినవాణ్ణి దేవుడు మళ్లీ చేస్తాడు అన్నది నిజం, అది మనకు ఊపిరి. కాని ఆ తర్వాతి అధ్యాయం మీద ప్రసంగం మీరు ఎప్పుడైనా విన్నారా?

19వ అధ్యాయంలో దేవుడు అదే యిర్మీయాను మళ్లీ కుమ్మరి దగ్గరికే పంపుతాడు. ఈసారి మట్టిని చూసి రావడానికి కాదు, కాలిన కూజాను కొనడానికి. దాన్ని తీసుకుని పెద్దలతో, యాజకులతో కలిసి హర్సీతు గుమ్మం దగ్గరున్న హిన్నోము లోయకు వెళ్లమంటాడు. హర్సీతు గుమ్మం అంటే పెంకుల గుమ్మం. యెరూషలేము నగరం తన పగిలిన కుండలను పారబోసుకునే దిక్కు అది. అక్కడ అందరి కళ్లముందు ఆ కూజాను పగలగొట్టి, తిరిగి బాగు చేయ శక్యం కానిదాన్ని పగలగొట్టినట్టే ఈ జనాన్ని, ఈ పట్టణాన్ని పగలగొడతానని దేవుడు చెప్పినట్టు ప్రకటించమంటాడు (యిర్మీయా 19:10,11).

రెండు అధ్యాయాలకూ మధ్య ఉన్న తేడా కుమ్మరికి తెలుస్తుంది, మనకు తెలియదు. పచ్చికుండ చెడిపోతే నీళ్లు చల్లి, పిసికి, మళ్లీ సారె మీద పెట్టవచ్చు. ఎండిపోయినా సరే, నీళ్లలో వేస్తే కరిగి మళ్లీ మట్టి అవుతుంది. కాని ఒకసారి ఆవంలోకి వెళ్లిందా, ఆ దారి మూసుకుపోతుంది. వేడి అయిదారు వందల డిగ్రీలు దాటేసరికి మట్టిలో అణువణువునా బిగిసి ఉన్న నీరు బయటికి పోతుంది. ఇక దాన్ని తిరిగి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. పింగాణీ అయితే 1,300 డిగ్రీల వేడి చూసిన సరుకు. దాన్ని ఏళ్ల తరబడి నీళ్లలో నానబెట్టినా అది మట్టి కాదు. అందుకే వేల ఏళ్ల నాటి పెంకులు తవ్వకాల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

మనిషి జీవితంలోనూ ఇంకా పచ్చిగా ఉన్నవి కొన్ని, కాలిపోయినవి కొన్ని ఉంటాయి. దుడుకు స్వభావం, చెడు అలవాటు, రేపటి గురించిన నిర్ణయం, ఇవి పచ్చిమట్టి. దేవుని చేతిలో పెడితే మారతాయి. కాని జరిగిపోయిన సంగతి కాలిన కుండ. చనిపోయిన బిడ్డ, చిన్ననాట జరిగిన అన్యాయం, నమ్మినవారు చేసిన ద్రోహం, మనం ఇతరులకు చేసిన కీడు. ఇవి ఆవంలోంచి వచ్చేశాయి. వీటిని నీళ్లు చల్లి పిసికి మళ్లీ మొదటికి తేలేం. అలా తెస్తానని దేవుడు ఎక్కడా వాగ్దానం చేయలేదు కూడా. ఈ తేడా తెలియక నేను చేసిన పని ఒకటి చెప్పక తప్పదు.

నేను సేవ మొదలుపెట్టిన కొత్తలో మా సంఘంలో ఒక తల్లికి పదకొండేళ్ల కొడుకు కాలువలో పడి పోయాడు. ఆదరణ కూడికలో నేను ఎంచుకున్న వాక్యం ఏదో మీరు ఊహించగలరు. కుమ్మరి, సారె, మట్టి. దానితో పాటు వెనుక ఉన్నవి మరచి ముందున్న వాటికోసం వేగిరపడాలన్న పౌలు మాట (ఫిలిప్పీ 3:13). దేవుడు నిన్ను కొత్త పాత్రగా చేస్తాడు, జరిగింది మరచిపో అమ్మా అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది.

మూడేళ్ల తర్వాత ఒకరోజు వాళ్ల ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. గూట్లో బైబిలు పక్కన చెవి విరిగిన పింగాణీ కప్పు ఒకటి కనిపించింది. దానిలో కానుక చిల్లర. అలవాటు కొద్దీ, అది తీసేసి మంచి డబ్బా ఒకటి పెట్టుకోకూడదా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి మెల్లగా అంది: "అది మావాడి కప్పు అయ్యగారూ. వాడే చెవి విరగ్గొట్టాడు. మీరు మరచిపోమన్న దగ్గర్నుంచి వాడి పేరు ఎవరూ ఎత్తడం లేదు. సంఘంలో ఎత్తరు, ఇంట్లో ఎత్తరు. నేనే మరచిపోతే పరలోకంలో వాడు కనబడ్డప్పుడు ఏమని పిలవను?"

నా దగ్గర జవాబు లేదు. సైకిలు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఫిలిప్పీ పత్రిక మళ్లీ చదివాను. పౌలు అక్కడ వెనుక వదిలేశానంటున్నది ఏమిటి? అంతకు ముందు వచనాల్లోనే ఉంది. సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడన్న గౌరవం. తాను గొప్పలు చెప్పుకోగలిగిన జాబితా అది. పోనీ తన గతాన్ని అతను మరచిపోయాడా అంటే అదీ లేదు. సంఘాన్ని హింసించానని, అపొస్తలుడినని పిలిపించుకోవడానికి యోగ్యుణ్ణి కానని కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 15:9). ముసలితనంలో తిమోతికి రాస్తూ మళ్లీ అదే తలుచుకున్నాడు (1 తిమోతి 1:13). పౌలు మరచిపోయింది తన మెప్పును. గాయాన్నీ, తాను చేసిన గాయాన్నీ కాదు. ఆ వాక్యాన్ని నేను ఒక తల్లి మీద బండరాయిలా పెట్టి వచ్చాను.

యోసేపు కథ దీనికి అద్దం. తొలిచూలు కుమారుడు పుట్టినప్పుడు, తన బాధను, తన తండ్రి ఇంటిని దేవుడు మరపించాడని అతనికి మనష్షే అని పేరు పెట్టాడు (ఆదికాండము 41:51). మనం సాక్ష్యం చెప్పమంటే సరిగ్గా ఇలాగే చెబుతాం! కాని నిజంగా మరచిపోయినవాడు కొడుక్కి ఆ పేరు పెడతాడా? పిలిచిన ప్రతిసారీ తాను మరచిపోయినదేమిటో గుర్తు చేసే పేరు అది. కరవు వచ్చి అన్నలు ఎదురుగా నిలబడితే, యోసేపు పరాయి పేరుతో, పరాయి బట్టల్లో, దుబాసీని మధ్యన పెట్టుకుని మాట్లాడాడు. వాళ్ల మాట మాత్రం అతనికి తెలుస్తోంది. పక్కకు వెళ్లి ఏడ్చాడు (42:23,24). బెన్యామీనును చూసి మళ్లీ లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాడు (43:30,31). ఐగుప్తు అంతటి మీద అధికారం, భార్యాబిడ్డలు, నిండిన గిడ్డంగులు. అన్నీ ఉన్నాయి. కాని అతను ఇంకా రెండు ముక్కలుగానే ఉన్నాడు.

ఆ ముక్కలు అతుక్కున్నది 45వ అధ్యాయంలో. దుబాసీని పంపేశాడు. సొంత భాషలో సొంత పేరు చెప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. మీరు ఐగుప్తుకు అమ్మివేసిన తమ్ముణ్ణి నేనే అని చెప్పాడు (45:4). మనం అయితే ఆ రెండో మాట మింగేసి ఉండేవాళ్లం. క్షమించాక ఆ సంగతి ఎత్తకూడదంటాం. యోసేపు ఎత్తాడు. తండ్రి చనిపోయాక కూడా, మీరు నాకు కీడు తలపెట్టారు అనే చెప్పాడు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడన్నాడు (50:20). కీడును కీడు అనే పిలిచి క్షమించాడు. పగులు ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, సరిగ్గా అక్కడే బంగారం పెట్టాడు.

మరచిపో అన్న మాట గాయపడినవారి కన్నా గాయపరచినవారికే ఎక్కువ సౌకర్యంగా ఉంటుంది. సంఘాల్లో తగాదాలు వస్తాయి, మనుషులు విడిపోతారు. పెద్దలు కూర్చుని కరచాలనం చేయించి ఇక పాత సంగతులు వద్దంటారు. అన్యాయం చేసినవాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. అన్యాయం జరిగినవాడు మాత్రం బల్ల దగ్గర చేయి చాచలేక మెల్లగా మరో సంఘం వెతుక్కుంటాడు. ఇది నేను చాలాసార్లు చూశాను, ఒకటి రెండు సందర్భాల్లో కరచాలనం చేయించిన పెద్దల్లో నేనూ ఉన్నాను.

డ్రెస్డెన్‌లో మన ప్రొటెస్టెంటు సహోదరులు ఈ పాఠాన్ని రాళ్లలో నేర్చుకున్నారు. పింగాణీ పగిలిన ఆ బాంబుదాడుల్లోనే అక్కడి ప్రసిద్ధ లూథరన్ చర్చి ఫ్రావెన్‌కిర్షె మంటల్లో చిక్కి, ఫిబ్రవరి 15న కూలిపోయింది. సుమారు నలభై అయిదేళ్లు ఆ రాళ్ల గుట్ట నగరం నడిబొడ్డున అలాగే ఉంది. తిరిగి కట్టినప్పుడు గుట్టలో దొరికిన రాళ్లలో పనికొచ్చేవాటిని ఏరి గోడల్లో పేర్చారు. 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠ జరిగింది. కొత్త రాయి లేత రంగు, పాత రాయి నలుపు. దూరం నుండి చూసినా గోడ నిండా నల్లని మచ్చలు కనిపిస్తాయి. శిథిలాల్లో దొరికిన వంకరపోయిన పాత సిలువను చర్చి లోపల ఉంచారు. గోపురం మీది కొత్త సిలువను తయారుచేసింది లండన్‌కు చెందిన ఒక స్వర్ణకారుడు. అతని తండ్రి ఆ దాడుల్లో పాల్గొన్న విమానచోదకుడు. ఇద్దరిలో ఎవరూ ఏమీ జరగనట్టు నటించలేదు.

అయితే యిర్మీయా 19 అక్కడితో ముగిసిపోతే పగిలిన కూజా గతేమిటి? ప్రవక్త చెప్పలేదు. కాని ఆ కాలపు పెంకులే వేరొక సంగతి చెప్పాయి. 1935లో లాకీషు కోట తవ్వకాల్లో, కాలిపోయిన గుమ్మం పక్క గదిలో, సిరాతో రాసిన 18 కుండపెంకులు దొరికాయి. అవి బబులోను సైన్యం యూదాను చుట్టుముట్టిన రోజుల్లో సైనికులు తమ అధికారికి రాసుకున్న ఉత్తరాలు. అంటే యిర్మీయా బ్రతికి ఉన్న రోజులే. ఒక పెంకు మీద, లాకీషు నుండి వచ్చే గుర్తుల కోసం కనిపెడుతున్నామని, అజేకా కనిపించడం లేదని ఉంది. చివరిదాకా నిలిచిన ప్రాకారపు పట్టణాలు ఆ రెండే అని యిర్మీయా 34:7లో చదువుతాం. మంచి కుండ మీద ఎవరూ ఉత్తరం రాయరు. పగిలాకే అది కాగితమైంది. ఆ కాలపు అసలు కాగితాలు చివికి మట్టిలో కలిశాయి, పెంకు మీది రాత మిగిలింది.

డి వాల్ 2019లో చేసిన పని ఈ వరుసలోదే. యూదులను 1516లో ఒక పేటలో పెట్టి తాళం వేసిన వెనిస్ నగరంలో, ఆయన ఒక గ్రంథాలయాన్ని నిర్మించాడు. దేశం విడిచి పోవలసి వచ్చిన రచయితల పుస్తకాలు సుమారు రెండు వేలు అందులో ఉంచాడు. బయటి గోడలకు సున్నానికి బదులు పలుచని పింగాణీ మట్టి పూసి, దాని మీద చరిత్రలో నాశనమైపోయిన గ్రంథాలయాల పేర్లు చెక్కాడు. నీనెవె, అలెగ్జాండ్రియా మొదలుకొని నిన్నమొన్నటి మోసుల్ దాకా. లోపల తన తెల్లని పాత్రలను నాలుగు అద్దాల పెట్టెల్లో పెట్టి వాటిని కీర్తన అని పిలిచాడు. వచ్చినవారు తమ మనసుకు దగ్గరైన పుస్తకం తీసి లోపల అతికించిన చీటీ మీద తమ పేరు రాయవచ్చు. వెనిస్ నుండి అది డ్రెస్డెన్‌కు, అక్కడి నుండి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లింది. ఆ తర్వాత ఆ పుస్తకాలను మోసుల్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడి గ్రంథాలయాన్ని ఐసిస్ ఉగ్రవాదులు నాశనం చేశారు. టైగ్రిసు నదికి ఇటు మోసుల్, అటు నీనెవె శిథిలాలు. యోనా పారిపోయినా చివరికి వెళ్లక తప్పని ఊరు!

పింగాణీతో పేర్లు రాయడం వల్ల కాలిన పుస్తకాలు తిరిగి రావని ఆ శిల్పికి తెలుసు. ఆయన చేతిలోని పళ్లెం క్లెంపెరర్ ఇంట భోజనాల బల్ల మీద ఉన్న పళ్లెం మళ్లీ కాదు. కాని పెంకుల గుట్టా కాదు. పేరున్న పళ్లెం. తనకు ఏం జరిగిందో తానే చెప్పగల పళ్లెం.

పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు మొదట చూపించింది చేతులను, ప్రక్కను (యోహాను 20:20). మరణాన్ని జయించిన శరీరం అది. మూసి ఉన్న తలుపులు దాన్ని ఆపలేదు. అలాంటి దేహం మీద మేకుల గుర్తులు మాసిపోయి ఉంటే మనం ఆశ్చర్యపోయేవాళ్లం కాదు. మాసిపోలేదు. తోమా వాటిని చూసే ప్రభువును పోల్చుకున్నాడు. పరలోకంలో యోహాను చూసిన గొర్రెపిల్ల కూడా వధింపబడినట్టే కనిపించింది (ప్రకటన 5:6). ఇక సమాధి తోటలో మగ్దలేనే మరియ ప్రభువును తోటమాలి అనుకుంది. పేరు పెట్టి పిలిచాక గాని తెలుసుకోలేదు (యోహాను 20:16). ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంతమట్టుకే. అక్కడ పేర్లు పోవు, గుర్తులు పోవు.

ఈ సంగతులన్నీ నాకు ఒక్కరోజులో తెలిసినవి కావు. ఏళ్లు పట్టింది. ఈలోగా ఆమె జుట్టు నెరిసింది, నాదీ నెరిసింది. కిందటి ఏడు ఆ పిల్లవాడు పోయిన తేదీ ఆదివారం నాడు పడింది. ఆరాధనకు ముందు ఆమె ఇంటికి వెళ్లి, ఈరోజు ప్రార్థనలో వాడి పేరు చెప్పవచ్చా అమ్మా అని అడిగాను. ఆమె చాలాసేపు నావైపు చూసింది. తర్వాత గూట్లోంచి కప్పు తీసి, చిల్లర చీర కొంగులో పోసుకుని, కొంగుతోనే కప్పు తుడిచి నా చేతికిచ్చింది. చెవి విరిగిన చోట గరుకుగా ఉంది. బల్ల మీద, రొట్టె పళ్లేనికి కొంచెం పక్కగా పెట్టాను. పెద్దల్లో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. ప్రార్థనలో వాడి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆడవాళ్ల వైపు నుండి ఎవరో మరో పేరు చెప్పారు. తర్వాత ఇంకొకరు. ఆ రోజు ప్రసంగానికి సమయం మిగల్లేదు.